వృద్ధుల ఆలనాపాలన: రిబాత్ నుంచి నర్సింగ్ హోమ్ దాకా

మన సంఘం కార్యవర్గ సమావేశంలో వృద్ధుల వసతిగృహం మాట వచ్చినప్పుడు ఒక పెద్దాయన వెంటనే అడ్డుపడ్డారు. "మనలో ముసలివాళ్ల ఆశ్రమాలేంటి సాయిబూ! అది మన పద్ధతేనా?" అన్నారు. యువకుడొకడు "చాచా, కొడుకులందరూ గల్ఫులోనో బెంగుళూరులోనో ఉంటే చూసేదెవరు?" అని అడిగాడు. ఇద్దరిదీ న్యాయమైన మాటే. గంటసేపు వాదన జరిగింది. కాని ఆ గంటలో ఎవరమూ అడగని ప్రశ్న ఒకటుంది. వసతిగృహం అంటే ఏ వసతి? ఎలాంటి వృద్ధులకు? తన బట్టలు తాను ఉతుక్కుని అయిదు పూటలా మసీదుకు నడిచివెళ్లే డెబ్బయి ఏళ్ల మనిషికీ, పక్కమీద నుంచి లేవలేక నోట్లో చెంచాతో జావ పోయించుకునే మనిషికీ ఒకే గది, ఒకే వంటమనిషి సరిపోతారా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. చరిత్ర తిరగేస్తే మన పూర్వీకులు దీనికి రకరకాలుగా జవాబు చెప్పారని తెలుస్తుంది. ఇతరులు చెప్పుకున్న జవాబులూ ఉన్నాయి. తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

హారూన్ రషీద్ కాలంలో బాగ్దాదులో ఖాజీగా ఉండి 798లో మరణించిన ఇమామ్ అబూ యూసుఫ్ రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో ఒక ఉదంతం ఉంది. మనలో చాలామంది జుమా ఉపన్యాసాల్లో విన్నదే. హజ్రత్ ఉమర్ (రజి) దారిన పోతూ ఒక గుమ్మం ముందు బిచ్చమెత్తుకుంటున్న కళ్లులేని ముసలివాణ్ణి చూస్తారు. అతను యూదుడు. ఎందుకీ గతి అని అడిగితే వయసు మీదపడిందనీ, జిజియా కట్టాలనీ, పూట గడవాలనీ చెబుతాడు. ఉమర్ అతణ్ణి తన ఇంటికి తీసుకువెళ్లి ఉన్నదేదో ఇచ్చి, తరువాత బైతుల్‌మాల్ అధికారిని పిలిపించి ఇలాంటివారికి పన్ను మాఫీ చేయించి, ఖజానా నుంచి భత్యం ఏర్పాటు చేయించారు. అదే పుస్తకంలో హీరా పట్టణవాసులతో హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) చేసుకున్న ఒడంబడిక కూడా ఉంది. పని చేయలేని స్థితికి వచ్చిన వృద్ధుడి పన్ను తీసేసి, అతణ్ణీ అతని మీద ఆధారపడ్డవాళ్లనూ బైతుల్‌మాల్ పోషించాలన్నది అందులో ఒక షరతు.

దీన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం, బాగానే ఉంది. కాని ఒక సంగతి గమనించాలి. ఇది డబ్బు సాయం. ఇవాళ్టి మాటల్లో పింఛను. ముసలివాడు తన ఇంట్లో తాను ఉంటాడు, తిండికి లోటు లేకుండా ఖజానా చూస్తుంది. చేయి పట్టి నడిపించే మనిషి సంగతి ఇందులో లేదు.

ఆ మనిషి కొద్దికాలానికే వచ్చాడు. ఉమయ్యా ఖలీఫా మొదటి వలీద్ (పాలన 705–715) డెమాస్కస్‌లో కుష్ఠురోగులకు వేరే ఏర్పాటు చేసి, వాళ్లు అడుక్కోకుండా భత్యాలిచ్చాడు. నడవలేని వికలాంగుడికి ఒక సేవకుణ్ణీ, గుడ్డివాడికి చేయిపట్టుకుని నడిపించే ఒక మనిషినీ నియమించాడని చరిత్రకారులు రాశారు. వలీద్ రాజ్యపాలనలో మెచ్చదగనివి చాలా ఉండవచ్చు, అది వేరే చర్చ. కాని డబ్బు ఒక అవసరం, మనిషి మరొక అవసరం అని ఒక పాలకుడు విడదీసి చూసిన సందర్భంగా దీన్ని చెప్పుకోవాలి.

తరువాతి శతాబ్దాలలో ఈ పని రాజుల చేతుల్లోంచి వక్ఫుల చేతుల్లోకి వచ్చింది. వక్ఫ్ అనగానే మనకు ఆక్రమణలూ, కోర్టు కేసులూ గుర్తుకు వచ్చే రోజులు దాపురించాయి. ఒకప్పుడు వక్ఫ్‌నామా అంటే నేటి సంస్థల నిబంధనావళి వంటిది. ఏ భూమి ఆదాయం దేనికి ఖర్చు చేయాలి, ఎంతమంది పనివాళ్లుండాలి, ఎవరికి ఎంత జీతం, ఎవరిని చేర్చుకోవాలి, ఎన్నాళ్లు ఉంచాలి, ఇవన్నీ అందులో రాసేవారు.

కైరోలో మమ్లూక్ సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ సంగతి చూడండి. జ్వరాలకు ఒక విభాగం, కంటి జబ్బులకు ఒకటి, విరేచనాలకు ఒకటి, శస్త్రచికిత్సకు ఒకటి, మతి చలించినవారికి వేరుగా, ఆడవాళ్లకు మగవాళ్లకు వేరువేరుగా ఉండేవి. ధనిక పేద తేడా లేదు. ఇన్నాళ్లే ఉండాలన్న గడువు లేదు. ఆస్పత్రికి రాలేని పేద రోగికి ఇంటికే మందులు, ఆహారం పంపించే ఏర్పాటు కూడా ఉండేది. ఏడువందల ఏళ్ల క్రితమే ఇంటివద్ద వైద్యసేవ అన్న ఆలోచన ఉందన్నమాట.

అయితే బీమారిస్తాన్ రోగుల కోసం. జబ్బు లేకుండా కేవలం దిక్కులేక మిగిలిపోయినవాళ్లకు రిబాత్‌లు ఉండేవి. రిబాత్ అంటే మొదట సరిహద్దు కోట, తరువాత సూఫీల నివాసం, ఆ తరువాత నిలువనీడ లేనివారి వసతి. మన హైదరాబాదు ప్రాంతం నుంచి హజ్‌కు వెళ్లివచ్చినవారికి 'రుబాత్' మాట బాగా తెలుసు. మక్కాలో నిజాం రుబాత్ పాత హైదరాబాదు సంస్థానం యాత్రికులకు బస ఇచ్చే చోటు. అదే మాట ఇది.

కైరోలో 1285 ప్రాంతంలో సుల్తాన్ బైబర్స్ కుమార్తె తజ్కార్‌బాయ్ ఖాతూన్ ఒక రిబాత్ కట్టించింది. షేఖా జైనబ్ అనే బాగ్దాదు విదుషి కోసం కట్టించింది కనుక దానికి రిబాతుల్ బాగ్దాదియ్యా అని పేరు వచ్చింది. భర్త పోయినవారు, విడాకులు పొందినవారు, భర్త వదిలేసినవారు అక్కడ ఉండేవారు. ఒక షేఖా పర్యవేక్షణలో నమాజు, చదువు, కట్టుబాటు అన్నీ నడిచేవి. కైరో చరిత్ర రాసిన మక్రీజీ (మరణం 1442) దీని గురించి వివరంగా చెప్పారు. 15వ శతాబ్దం తొలినాళ్ల విపత్తుల తరువాత ఆ కట్టుబాటు సడలిపోయిందని కూడా ఆయనే చెప్పారు. కట్టడం ఒక్కటే సంస్థ కాదని అప్పటివాళ్లకూ అనుభవమే.

తిండికి మాత్రమే లోటున్నవారికి ఇమారత్ అనే వంటశాలలు వేరే ఉండేవి. ఉస్మానీ సుల్తాన్ సులైమాన్ భార్య హుర్రం సుల్తాన్ జెరూసలేంలో 1550ల్లో స్థాపించిన వంటశాల అందులో ప్రసిద్ధమైనది. అంటే కూడు కావలసినవాడికి ఇమారత్, నీడ కావలసినవారికి రిబాత్, చికిత్స కావలసినవాడికి బీమారిస్తాన్. ముసలితనం అనే పేరుతో ఏ సంస్థా లేదు. ముసలితనం జబ్బు కాదు, నేరం కాదు. దాని వల్ల ఏ అవసరం వచ్చిందో ఆ అవసరానికి ఒక గుమ్మం ఉండేది.

ఈ గుమ్మాలన్నిటినీ ఒక ప్రహరీ లోపలికి తెచ్చినది ఇస్తాంబుల్‌లోని దారుల్ అజజా. రష్యాతో 1877–78 యుద్ధం తరువాత శరణార్థులు, అనాథలు, బిచ్చగాళ్లతో ఆ నగరం నిండిపోయింది. సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ పూనుకుని కట్టించగా 1896లో ఇది తెరుచుకుంది. మన ఉర్దూలో 'ఆజిజ్' అంటామే, ఆ మాటకు బహువచనమే అజజా. అశక్తుల ఇల్లు అని అర్థం. ప్రాంగణంలో మసీదు, చర్చి, యూదుల ప్రార్థనామందిరం పక్కపక్కన ఉంటాయి. వృద్ధులకు, పిల్లలకు, రోగులకు వేరువేరు భవనాలు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఇక ఇంగ్లండు సంగతికి వద్దాం. నేడు మనం వింటున్న రెసిడెన్షియల్ హోమ్, నర్సింగ్ హోమ్ మొదలైన విభజన ఎక్కువగా అక్కడి అనుభవంలోంచి పుట్టింది. ఆ అనుభవం చేదుది. 1834 చట్టం తరువాత పేదలకు సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి. పనిచేయగలిగిన సోమరి అక్కడికి రాకుండా ఉండాలని అక్కడి బతుకును కావాలనే కఠినంగా చేశారు. తీరా జరిగిందేమిటంటే పనిచేయగలిగినవాడు బయట ఎలాగో బతికాడు, లోపల చేరినవారిలో ముసలివాళ్లు పెరిగిపోయారు. ఆలుమగల్ని కూడా వేరు చేసి ఉంచిన చోటు అది. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చి డెబ్బయి దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల దాకా ఇవ్వసాగారు. డబ్బుతో గడిచేవారికి కొంత ఊరట కలిగింది. మంచాన పడ్డవారు మాత్రం వర్క్‌హౌస్ ఆస్పత్రి వార్డుల్లోనే ఉండిపోయారు.

ఇక్కడ మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మను గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆమె లండను దగ్గరి వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో పనిచేసేది. 1935లో ఆ ఆస్పత్రి పక్కనే ఉన్న వర్క్‌హౌస్ వైద్యశాలను తనలో కలుపుకుంది. దాంతో 714 పడకల బాధ్యత ఆమె మీద పడింది. వెళ్లి చూస్తే పక్షవాతం వచ్చినవాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, ఏ జబ్బూ లేకుండా చోటులేక వచ్చినవాళ్లు అందరూ ఒకే వార్డులో పక్కపక్కన పడుకుని ఉన్నారు. ఏళ్ల తరబడి అలాగే ఉన్నారు. చాలామందికి జబ్బేమిటో పరీక్షించినవారే లేరు. పడుకోబెట్టారు కనుక పడుకున్నారు, పడుకున్నారు కనుక కాళ్లు బిగుసుకుపోయాయి.

ఆమె చేసిన మొదటి పని మందులివ్వడం కాదు, లెక్క తీయడం. ఒక్కొక్కరినీ పరీక్షించి అయిదు తరగతులు చేసింది. లేచి తిరగగలిగినవారు, మంచాన ఉన్నా మలమూత్రాలు అదుపులో ఉన్నవారు, అదుపు తప్పినవారు, మతి చెదిరినా నెమ్మదిగా ఉండేవారు, మతి పూర్తిగా పోయినవారు. తరగతులు విడదీశాక ఎవరికేం కావాలో కనిపించింది. వార్డులకు వెలుతురు వచ్చేలా చేయించింది, గోడలకు రంగులు వేయించింది, జనాన్ని మంచం దింపి నడిపించింది. కొందరు ఇళ్లకు వెళ్లారు, కొందరు మామూలు వసతిగృహాలకు వెళ్లారు. చివరికి 240 పడకలు సరిపోయాయి. ఈ అనుభవాన్ని ఆమె 1943లోనూ 1946లోనూ వైద్య పత్రికల్లో రాసింది. వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడానికి అదే పునాది.

714లో 240 పోగా మిగిలిన పడకల్లో ఎందరు వృథాగా పడి ఉన్నట్టు? ఈ సంఖ్య చదివినప్పుడల్లా నాకు మనసు ఒకలా అవుతుంది.

1948లో అక్కడ పాత పేదల చట్టం రద్దయింది. వృద్ధులు చిన్న చిన్న ఇళ్లలో, హోటలులో అతిథుల్లా ఉండాలని మంత్రి అనూరిన్ బెవన్ ఆశపడ్డాడు. పీటర్ టౌన్‌సెండ్ అనే పరిశోధకుడు 173 వసతిగృహాలు తిరిగి చూసి 1962లో పుస్తకం వేశాడు. పాత వర్క్‌హౌస్ భవనాలే పేరు మార్చుకుని నడుస్తున్నాయనీ, అక్కడివారిలో చాలామంది కాస్త సాయముంటే తమ ఇళ్లలోనే ఉండగలిగినవారనీ అందులో చూపించాడు. అక్కడి నుంచి మెట్లు క్రమంగా ఏర్పడ్డాయి. సొంత తలుపు, సొంత వంటగది ఉండి, పిలిస్తే పలికే వార్డెన్ ఒకరుండే ఇళ్లు మొదటి మెట్టు. భోజనం పెట్టి, స్నానానికీ బట్టలు తొడుక్కోవడానికీ చేయందించే వసతిగృహం రెండోది. ఇరవైనాలుగు గంటలూ చదువుకున్న నర్సు ఉండే నర్సింగ్ హోమ్ మూడోది. మతిమరుపు జబ్బున్నవారికి వేరే ఏర్పాటు. చివరి రోజుల నొప్పి తగ్గించే హాస్పీస్ మరొకటి. ఈ ఆధునిక హాస్పీస్‌కు 1967లో లండనులో సిసిలీ సాండర్స్ నాంది పలికింది.

ఏ మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో ఎలా తెలుస్తుంది? అమెరికాలో సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు, ఆయన తోటివారు 1963లో ఒక తేలికైన కొలత ప్రకటించారు. ఆరే ప్రశ్నలు. స్నానం తానే చేస్తాడా, బట్టలు తానే కట్టుకుంటాడా, దొడ్డికి తానే వెళ్లివస్తాడా, మంచం మీద నుంచి కుర్చీలోకి తానే మారగలడా, మలమూత్రాలు అదుపులో ఉన్నాయా, అన్నం తానే తింటాడా. పసిపిల్లలు ఈ పనులు నేర్చుకునే వరసకు తలకిందులుగా ముసలివాళ్లు వీటిని పోగొట్టుకుంటారని వాళ్లు గమనించారు. స్నానం ముందు పోతుంది, తినడం చివర పోతుంది.

మనకిది కొత్తగా తోచనక్కరలేదు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని సైగలతో నమాజు చేయవచ్చని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఉపవాసం ఉండలేని పండు ముసలికి ఫిద్యా ఉంది. షరీఅత్ శక్తిని బట్టి మెట్లు పెట్టింది. మనమే ఆశ్రమం కట్టేటప్పుడు మెట్లు మరచిపోతున్నాం.

మన దేశంలో వృద్ధుల కోసం ప్రత్యేకంగా గృహాలు నడిపిన తొలివారిలో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్రైస్తవ సన్యాసినులను చెప్పుకోవాలి. 1882లో కలకత్తాలో మొదలుపెట్టారు. సికింద్రాబాదులో కూడా వారి గృహం ఉంది. కేంద్రప్రభుత్వం 1992లో పెట్టిన పథకం కింద స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులు వచ్చాయి. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా రాష్ట్రప్రభుత్వాలు గృహాలు పెట్టవచ్చునని అందులో 19వ సెక్షన్. పెట్టవచ్చు అని ఉంది, పెట్టితీరాలి అని లేదు. 150 మంది అని ఉంది కాని వారిలో మంచాన పడ్డవాళ్లెందరు, వాళ్లనెవరు చూస్తారు అన్నది ఆ సెక్షన్ చెప్పదు.

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా ఖాలాజాన్‌కు పిల్లలు లేరు. ఖాలూ పోయాక ఆయన పింఛనుతో ఒంటరిగా ఉండేది. డెబ్బయి నాలుగో ఏట మేమే ఒప్పించి ఒక పట్నంలో మంచిపేరున్న వృద్ధాశ్రమంలో చేర్పించాం. ఆమెకు బాగానే ఉండేది. మూడో సంవత్సరం వానాకాలంలో స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించాం. డిశ్చార్జి రోజున ఆశ్రమానికి ఫోన్ చేస్తే "మంచాన పడ్డవాళ్లను మేం ఉంచుకోం సార్, మీరు సంతకం పెట్టారు కదా" అన్నారు. దరఖాస్తు తీసి చూశాను. 'తమ పనులు తాము చేసుకోగలిగినవారు మాత్రమే' అని రెండో పేజీలో స్పష్టంగా ఉంది. కింద నా సంతకమే ఉంది. వాళ్లను తప్పుపట్టేందుకు నాకు నోరు రాలేదు. వాళ్లు నడుపుతున్నది రెండో మెట్టు కూడా కాదు, మొదటి మెట్టు. నేను అన్ని మెట్లూ అక్కడే ఉన్నాయనుకున్నాను.

ఖాలాజాన్ ఏడు నెలలు మా ముందుగదిలో ఉంది. పగలు నా భార్య, కోడలు చూశారు. రాత్రిళ్లు రెండుసార్లు పక్క మార్చకపోతే వీపు పుండు పడుతుందని డాక్టరు చెప్పారు. మొదట్లో మాకది తెలియదు, పుండు పడింది. ఆమె ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. మేం విసుక్కున్నాం. తల్లిదండ్రుల ఎదుట విసుగు మాటయినా రానీయవద్దన్న ఆయతు వింటూ పెరిగినవాళ్లమే. నిద్రలేని నలభయ్యో రాత్రి ఆ ఆయతు ఎంత కష్టమైనదో అప్పుడు తెలిసింది. సమావేశంలో ఆ పెద్దాయన "మన పద్ధతేనా" అన్నప్పుడు నేను నోరు మెదపకపోవడానికి కారణం ఇదే. ఇంట్లో ఉంచుకోవడమే మన పద్ధతి, నిజమే. కాని ఇంట్లో ఉంచుకున్నవాళ్లకు చేయందించేవాళ్లు కూడా కావాలి.

ఈ విషయంలో కేరళ సోదరుల నుంచి నేర్చుకోవలసింది ఉంది. 1993లో కోళికోడ్‌లో నొప్పి ఉపశమన సేవాసంఘం ఒకటి మొదలైంది. 2001 నాటికి మలప్పురం, ఆ చుట్టుపక్కల జిల్లాల్లో ఇరుగుపొరుగువారే వాలంటీర్లుగా తయారై, చిన్న చిన్న చందాలతో నర్సును పెట్టుకుని, మంచాన పడ్డవారి ఇళ్లకే వెళ్లే పద్ధతి పెంచుకున్నారు. కట్టడం లేదు, శంకుస్థాపన లేదు. నర్సు వచ్చి పుండు కడుగుతుంది, ఇంటివాళ్లకు పక్క మార్చడం నేర్పుతుంది. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగానే ప్రకటించింది. మలప్పురం ముస్లిములు ఎక్కువగా ఉన్న జిల్లా. వాళ్లకు చేతనైంది మనకెందుకు కాదు?

మన సంఘం తలపెట్టిన గృహానికి గుత్తేదారు ఇచ్చిన అంచనా కాగితం నేను చూశాను. పది గదులు, ప్రహరీ గోడ, బోరు, వజూఖానా, గేటు మీద ఆర్చి, దాతల పేర్ల పాలరాతి పలక, అన్నీ ఉన్నాయి. స్నానాలగదుల్లో గోడకు పట్టుకునే కమ్మీలు లేవు. గుమ్మాలు చక్రాల కుర్చీ పట్టేటంత వెడల్పు లేవు. రాత్రి ఆయా జీతం, వారానికోసారి వచ్చే నర్సు జీతం ఎక్కడా లేవు. ఆర్చి తీసేస్తే ఒక ఆయాకు ఎన్ని నెలల జీతం వస్తుందో లెక్క వేసి కార్యదర్శి గారికి ఇచ్చాను. చేర్చుకునే దరఖాస్తులో 'తమ పనులు తాము చేసుకోగలిగినవారు మాత్రమే' అన్న వాక్యం మనమూ రాయబోతున్నామా, రాస్తే ఆ తరువాతి మెట్టుకు ఎక్కడికి పంపుతాం అన్నది వచ్చే సర్వసభ్య సమావేశం లోపల తేల్చవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.